అక్క బర్రె ఎందుకు కట్టలే

నేను పశువులకు సూదులేసే మనిషిని. రోగానికి వేసే సూది కాదు, ఎదకొచ్చిన బర్రెలకు, ఆవులకు గర్భం నిలిపే సూది. సర్కారు కాయిదాలల్ల మమ్ముల గోపాలమిత్ర అంటరు. ఊర్లల్ల మాత్రం చిన్న పెద్ద అందరు సూది డాక్టర్ అనే పిలుస్తరు. డాక్టర్ చదువు నేను చదువలే. ఇంటర్ అయిన అయిదారేండ్లకు జనగామల నాలుగు నెలలు పని నేర్చుకున్న. ఆ తర్వాత నర్సింహులపేట చుట్టుపక్కల ఊర్లల్ల ఇరవై ఏండ్లకు పైన బండి మీద తిరిగిన.

బండి వెనుక నైట్రోజన్ క్యాన్ కట్టి ఉంటది. మూత తీస్తె తెల్లటి పొగ లేస్తది. లోపల ఎముకలు కొరికే చలి. ఆ చలిలనే మేలుజాతి దున్నల, కోడెల వీర్యం సన్నటి గొట్టాలల్ల గడ్డకట్టి ఉంటది. ఆ గొట్టాన్ని మేము స్ట్రా అంటం. జానకు తక్కువ పొడుగు, అగ్గిపుల్లంత మందం. దాని మీద ఏ దున్నదో, ఏ కోడెదో తెలిపే నెంబరు చిన్న అక్షరాలల్ల రాసి ఉంటది. రైతు ఫోన్ చేస్తడు, మేము పోతం, స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్లల్ల వేసి కరిగిస్తం, పశువుకు ఎక్కిస్తం. మూడు నెలలకు మళ్ల పోయి చెయ్యి పెట్టి చూస్తం. చూడి కడితె కట్టింది, లేకపోతె లేదు. మా పని మంచిదా చెడ్డదా అని తేల్చేది గా మూడు నెలల తర్వాతి పరీక్షనే.

మొదటి పదిహేడు పద్దెనిమిది ఏండ్లు నాకు ఎదురులేకుండె. నీ హస్తవాసి మంచిదని రైతులు అంటుంటె లోపల లోపల ఉబ్బిపోయేటోన్ని. పక్క మండలం నుంచి కూడ నాకే ఫోన్లు వచ్చేవి. ఓ పెద్దమనిషైతె బిడ్డ పెండ్లి పత్రిక ముందుగాల నాకిచ్చి, నువ్వు నిలిపిన బర్రె పాలతోనే గీ పిల్ల సదువుకున్నది అన్నడు. ఇంటికొచ్చి నా భార్యకు ఆ మాట రెండుసార్లు చెప్పిన. ఆమె రెండుసార్లూ కొత్తగ విన్నట్టే విన్నది.

తర్వాత ఏమైందో తెల్వది, కట్టుడు తగ్గింది. ఒకటేసారి కాదు. ముందు ఎండకాలం తగ్గింది. ఎండలకు బర్రెలు సరిగ్గ ఎదకు రావు, అందరికీ తెలిసిందే, నేను పట్టించుకోలే. వానకాలం కూడ అట్లనే నడిచింది. పచ్చిమేత లేదన్న. ఆ మరుసటేడు చలికాలం కూడ అట్లనే అయ్యింది. చలికాలం బర్రెలకు మంచి కాలం, అప్పుడు కట్టకపోతె చెప్పుకోవడానికి ఏం లేదు. అయినా నేను చెప్పుకున్న. మా రిజిస్టర్ల చివరికి ఒక గడి ఉంటది, కట్టకపోతె కారణం రాయాలె. ఆ గడిల నేను రాసినవి ఇప్పుడు తలుచుకుంటె ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వదు. రైతు ఆలస్యంగ చెప్పిండు. దాణా తక్కువ. పశువు ముసలిది. పైనుంచొచ్చిన స్ట్రాల సరుకు బాగలేదు. ఒక్క గడి కూడ ఖాళీ విడువలే.

మహబూబాబాద్‌ల నెలకోసారి మీటింగ్ ఉండేది. అక్కడ కూడ గవే మాటలు చెప్పేటోన్ని. నాతోటోళ్లు అవునవును అనేటోళ్లు, వాళ్ల కష్టాలు వాళ్లకున్నయి కద. మా పై సారు నెమ్మదస్తుడు. ఒకసారి మాత్రం, నీ దగ్గర ఎన్నడు గింత తగ్గలేదు, ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా అని అడిగిండు. ఏం లేదు సార్, రైతులే శ్రద్ధ పెడ్తలేరు అన్న.

ఆ రోజులల్ల ఒక ఊర్ల అక్క ఒకామె ఉండె. నాకంటె నాలుగైదేండ్లు పెద్దది. చుట్టం కాదు. మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు, వచ్చినవా తమ్మీ, ముందుగాల కాళ్లు కడుక్కో అన్నది. అప్పటి నుంచి అక్కనే. భర్త లారీ డ్రైవర్, నెలకు రెండుసార్లు ఇంటికొచ్చేటోడు. ఇంట్ల అక్క, ముసలి అత్త, ఒక్క బర్రె. నల్లటి నలుపు, మెలి తిరిగిన కొమ్ములు. ఆ బర్రె తల్లికి కూడ సూది వేసింది నేనే. అక్క దానితోని మనిషితోని మాట్లాడినట్టే మాట్లాడేది. నేను చెయ్యి పెట్టినప్పుడల్ల ముందటికి పోయి దాని మొఖం పట్టుకొని, అయిపోయింది బిడ్డా, అయిపోయింది అని మెడ కింద నిమిరేది.

ఆ ఏడు ఆ బర్రెకు మూడుసార్లు సూదేసిన. మూడుసార్లూ కట్టలే. పాలు తగ్గి తగ్గి చివరికి ఒట్టిపోయింది. ఓ రోజు పొద్దుగాల వాళ్లింటికి పోయేసరికి అత్త గిన్నెల పాకెట్ పాలు పోసుకుంటున్నది. నన్ను చూసి పాకెట్‌ను కొంగు కింద పెట్టింది. నాకు కనబడొద్దని ఎందుకనుకున్నదో ఆ ముసలామె! నేను ఆ సంగతి గమనించనట్టే నటించిన.

నాలుగోసారి సూదేసి మూడు నెలలకు పరీక్ష చేసిన. ఖాళీ. చెయ్యి కడుక్కుంటూ, నాకు తెలిసిన మాటే మళ్ల అన్న. నువ్వు ఆలస్యంగ చెప్తున్నవక్కా, ఎద దాటిపోయినంక ఎన్ని వేసినా గింతే అన్న. గొంతుల జర కోపం కూడ ఉండె. పక్కింటి ఇద్దరు ముగ్గురు గోడ మీద నుంచి చూస్తున్నరు. వాళ్లు పోయేదాక అక్క బర్రెకు నీళ్లు పెట్టింది. చాయ్ పెట్టి ఇచ్చింది. నేను తాగినంక లోపలికి రమ్మని, అర్రల గోడకున్న క్యాలెండర్ చూపించింది.

క్యాలెండర్ నిండ పెన్నుతోని రాసి ఉన్నది. అక్క ఏడో తరగతి దాక చదివింది, అక్షరాలు గుండ్రంగ ఉన్నయి. ఒక తారీకు కాడ, బర్రె అరిచింది, పొద్దుగాల అయిదు. దాని కిందనే, ఫోన్ చేసిన, ఆరు. దాని కింద, తమ్ముడొచ్చిండు, సాయంత్రం నాలుగు. వేరే వేరే నెలలల్ల నాలుగు తారీకులు, నాలుగూ గట్లనే. పొద్దుగాల ఎదకొస్తె సాయంత్రం వెయ్యాలె, గదే సరైన టైము. నేను నేర్చుకున్నదీ, నేనే ఊరూరు తిరిగి చెప్పేదీ గదే. అక్క ఒక్క గంట కూడ తప్పలే.

అందుల ఇంకో సంగతి ఉండె. ఆ రాతలు నేను అక్కడ నిలబడి చదవలేకపోయిన. ముందుకు పోతె అక్షరాలు అలుక్కుపోయినయి. రెండడుగులు వెనకకు జరిగితె కనబడ్డయి. అర్రల వెలుతురు తక్కువనుకున్న.

"నేను ఆలస్యం చెయ్యలే తమ్మీ," అన్నది అక్క. "నిన్ను తప్పు పడుదామని చూపిస్తలే. ఇంకేదన్న ఉన్నదేమో చూడు. నీకు తెలుస్తది."

గంతే అన్నది. నలుగురిల అనలే, గట్టిగ అనలే. నాకు తెలుస్తదని నమ్మి అన్నది. బండి తీసుకొని ఊరి బయటికొచ్చి పత్తి చేను గెట్టు మీద చానసేపు కూసున్న. అక్క ఆలస్యం చెయ్యలే. బర్రె ముసలిది కాదు, దాని తల్లి ఆరు ఈతలు ఈనింది. దాణా సొంత పిల్లకు పెట్టినట్టు పెడ్తది. సరుకు బాగలేదంటె, అదే సరుకు పక్క మండలంల కడ్తున్నది. ఒక్కొక్కటి పక్కకు పెట్టుకుంటూ పోతె చివరికి మిగిలింది నేనే. అంతకుముందు రెండేండ్లు ఆ ఒక్క మనిషినే లెక్కల నుంచి వదిలేసిన.

రెండో రోజు జనగామ పోయిన. నాకు పని నేర్పిన సారు అక్కడనే ఉంటడు. పశువుల డాక్టర్‌గ చేసి రిటైరైండు. డెబ్భై దాటినయి. ఫోన్ చెయ్యకుంటనే పోయిన, ఫోన్ చేస్తె మధ్యల ధైర్యం పోతదేమోనని. సారు ఇంటి ముందర మొక్కలకు నీళ్లు పోస్తున్నడు. ఇరవై ఏండ్లయినా గుర్తుపట్టిండు. కూసోబెట్టి సంగతి అడిగిండు. అన్ని చెప్పిన. రైతులను అన్న మాటలు కూడ చెప్పిన. సారు ఓదార్చలే, కోప్పడలే. క్యాన్ తెచ్చినవా అని అడిగిండు. తెచ్చిన. అయితె నేను రైతుననుకో, మొదటి నుంచి చెయ్యి, నేను చూస్త అన్నడు.

ఆయన ఇంటి అరుగు మీద, నేను కొత్తగ నేర్చుకునే మనిషి లెక్క పని మొదలుపెట్టిన. ఫ్లాస్క్‌ల గోరువెచ్చని నీళ్లు తీసిన. థర్మామీటర్ పెట్టి చూసిన. క్యాన్ మూత తీసి, స్ట్రాలున్న డబ్బీని కడ్డీతోని పైకి లేపిన. చిమ్టాతోని స్ట్రాలను జరిపి నెంబరు చూసిన. కావాల్సింది దొరికింది, నీళ్లల్ల వేసిన. ముప్పై సెకండ్లు లెక్కపెట్టిన.

"ఆగు," అన్నడు సారు. "మళ్ల ఒక్కసారి తియ్యి. స్ట్రా తీసేదాకనే."

మళ్ల తీసిన. ఆయన లేచి నా పక్కన నిలబడ్డడు. మూడోసారి తియ్యమన్నడు. మూడోసారి తీసేటప్పుడు నా మోచెయ్యి పట్టుకొని ఎట్లున్నదట్ల ఆపిండు. అప్పుడు చూసుకున్న. డబ్బీ క్యాన్ మెడ దాటి జానెడు పైకొచ్చి ఉన్నది. ఎండల ఉన్నది. నేను దాన్ని చెయ్యి చాపి దూరంగ పట్టుకొని, తల వెనకకు వంచి, ఒక్కో స్ట్రా మీది నెంబరు వెతుకుతున్న.

సారు మాకు మొదటి రోజు నేర్పిన మాట ఒక్కటే ఉండె. డబ్బీ మెడ దాటి పైకి రావొద్దు. లోపలికే తొంగిచూసి, పది లెక్కపెట్టేలోపల స్ట్రా తీసి, మిగతాది కిందికి దించాలె. పైకొచ్చి గాలి తగిలిన స్ట్రాలు మనకు తెల్వకుంటనే కొంచెం కరుగుతయి. మళ్ల దించితె మళ్ల గడ్డకడ్తయి. రెండు మూడుసార్లు గట్లయితె లోపలి జీవం చచ్చిపోతది. పైకి మాత్రం అన్నీ ఒక్కతీరుగనే కనబడ్తయి.

సారు లోపలికి పోయి పేపర్ తెచ్చి నా చేతికిచ్చిండు. చిన్న అక్షరాలున్న కాడ వేలు పెట్టి చదువుమన్నడు. నేను పేపర్‌ను దూరం జరిపిన. ఇంకా జరిపిన. చెయ్యి చాలలే. ఆయన తన అద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టిండు. అక్షరాలన్ని ఒక్కసారిగ నల్లగ, తేటగ లేచి నిలబడ్డయి.

"చెయ్యి బాగనే ఉన్నది నీది," అన్నడు. "చత్వారం వచ్చింది. ఎన్నేండ్లున్నయి నీకు?"

నలభై నాలుగేండ్లు నాకు. చూపు తగ్గిందని తెల్వదా అంటె, తెలుసు. కరెంటు బిల్లు నా భార్య చదివి చెప్పేది. ఫోన్ల అక్షరాలు పెద్దగ చేసుకున్న. మందు సీసా మీది తారీకు రైతు పిల్లలతోని చదివించేటోన్ని, వాళ్లకు చదువొచ్చా లేదా చూస్తున్నట్టు. అద్దాలు పెట్టుకుంటె ముసలోన్నైన అంటరని ఒకటి, ఇంకా మా పనిల కండ్ల కంటె చెయ్యే ముఖ్యం కద అని ఇంకొకటి. తప్పు నెంబరు వెయ్యొద్దని, ఒకే దున్నది తల్లికీ బిడ్డకూ పడొద్దని జాగ్రత్తగ వెతికేటోన్ని. ఆ వెతుకుడే స్ట్రాలను చంపింది. ఎంత జాగ్రత్త పడితె అంత నష్టం చేసిన.

సారు ఇంట్ల అన్నం తిన్నం. తినేటప్పుడు ఒక్కటే అడిగిండు, ఇప్పుడు ఏం చేస్తవు అని. క్యాన్‌లున్న స్ట్రాలన్ని పారబోస్త సార్, అద్దాలు తీసుకుంట అన్న. ఆయన ఇంకేదో వింటననుకున్నట్టు నా మొఖం చూసిండు. కొంచెం ఆగి, రైతులకు చెప్త అన్న. అప్పుడు పెరుగు గిన్నె నా దిక్కు జరిపిండు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పిన. ఆమె పొయ్యి కాడ నుంచి లేచొచ్చి నా పక్కన కూసున్నది. ఎవలు చెప్పినా నువ్వు వినేటట్టు లేకుంటివి, నేను చెప్తె మనసు నొచ్చుకుంటవేమోనని చదివి పెట్టుకుంట పోయిన అన్నది. నాది కూడ తప్పే అని కండ్లు తుడుచుకున్నది. నీది కాదు అన్న. అప్పటి దాక నేను చేసిన పాపమంత ఎవలో ఒకరికి పంచినోన్ని. ఆమె తనంతల తాను వచ్చి సగం అడుగుతుంటె, ఇచ్చుడు మాత్రం నా వల్ల కాలే.

మహబూబాబాద్ పోయి మా పై సారుకు చెప్పిన. ఆయన తలుపు దగ్గరికి వేసి, ఇది బయట చెప్పకు, సరుకు దారిల పాడైందని రాద్దాం, ఎవలికీ ఏం కాదు అన్నడు. నన్ను కాపాడుదామనే అన్నడు, ఆయన మంచితనం నాకు తెలుసు. కాని గట్ల రాస్తె ఎక్కడో పనిచేసే ఇంకెవలో మాట పడాలె. సార్, తప్పు నాది, నా పేరు మీదనే రాయిన్రి అన్న. నేనే కాయిదం రాసిచ్చిన, కొత్త అద్దాలు పెట్టుకొని. పదిహేను రోజులు మళ్ల జనగామల శిక్షణకు పొమ్మన్నరు. సగం వయసున్న పిల్లల నడుమ బెంచీ మీద కూసొని, మూత ఎట్ల తియ్యాల్నో మొదటి నుంచి నేర్చుకున్న. సిగ్గనిపించింది. రెండు రోజులైతె అలవాటైంది.

తిరిగొచ్చినంక ముందుగాల అక్క కాడికి పోయిన. బర్రెకు మేత వేస్తున్నది. నిలబడే చెప్పిన. నువ్వు తప్పు చెయ్యలే అక్కా, నీ బర్రెది కూడ తప్పు లేదు, నాకు చూపు తగ్గింది, నేనే స్ట్రాలు పాడుచేసిన, పైనుంచి నలుగురిల నిన్నే మాటన్న అన్న. అక్క చేతులున్న గడ్డి కింద పెట్టింది. ఒక్క యాడాది పాలు, ఒక్క దూడ, ముసలామె చాయ్, అన్ని ఆమె మొఖంల కదిలిపోవుడు నేను చూసిన. కోపం రాలేదని అనను. వచ్చింది. దాన్ని మింగింది.

"ఇప్పుడు అద్దాలు తెచ్చుకున్నవా?"

"తెచ్చుకున్న."

"మరి ఇంకేంది. ఎదకు రాంగనే ఫోన్ చేస్త," అన్నది.

తర్వాత పాల కేంద్రం కాడికి పోయి పొద్దుగాల పాలు పోసే టైముల అందరి ముందర చెప్పిన. ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఒకాయన తన పాల క్యాన్ తీసుకొని పోయిండు. ఇంకొకాయన, మా ఏడు ఎవలు తిరిగిస్తరని అడిగిండు. అది నా వల్ల కాదనే చెప్పిన. కొందరు ఆ రోజు నుంచి నన్ను పిలుచుడు బంద్ చేసిన్రు. రిజిస్టర్ ముందరేసుకొని ఆ రెండేండ్లల్ల కట్టని పశువులున్న ఇండ్లన్ని రాసుకున్న. రోజుకు ఐదారిండ్లు తిరిగిన. చానమంది, పోనీ తియ్యి, అయ్యేదేదో అయింది అన్నరు. వాళ్లు గట్లంటె తిట్టినదానికంటె కష్టమనిపించింది.

అన్నిటికంటె కష్టమైంది ఒక ముసలాయన ఇల్లు. ఆయన బర్రెకు అయిదుసార్లు వేసినా కట్టకపోతె, ఇది గొడ్డుది బాపూ, ఉంచుకొని ఏం చేస్తవు, అమ్మెయ్యి అని నేనే చెప్పిన. నా మాట డాక్టర్ మాట లెక్క విని అంగడికి తోలిండు. అది గొడ్డుది కాదేమో అని ఇప్పుడు ఆయనకు చెప్పాలె. పోయిన. కొట్టం ఖాళీగ ఉన్నది, అందుల కట్టెలు పేర్చి ఉన్నయి. చెప్పిన.

"నువ్వు చెప్పకపోతె నాకు తెల్వకపోతుండె బిడ్డా," అన్నడు. "గొడ్డుదనే అనుకొని ఊకుందును. ఇప్పుడు ఒక మంచి బర్రెను కోతకు పంపిన్నని తెలిసింది. నీ మనసు తేలికైంది. నాది బరువైంది."

చేతులు పట్టుకుందామని ముందటికి పోయిన. ఆయన మెల్లగ వెనకకు తీసుకున్నడు. నేను చెప్పుడు మంచిదైందా, ఊకుంటె మంచిదుండెనా అన్నది ఇప్పటికీ నాకు తేలలే. తప్పు ఒప్పుకుంటె అంతటితోని అయిపోతదని అప్పటిదాక అనుకున్న. ఒప్పుకున్నది కూడ ఎవలో ఒకరి మీద పడ్తదని ఆ కొట్టం ముందర తెలిసింది. ఆయన మళ్ల బర్రెను కొనలే. ఆ దారిల పోయినప్పుడల్ల ఆగి పలకరించేటోన్ని. తల ఊపేటోడు, గంతే.

అక్క బర్రె కార్తీకంల ఎదకొచ్చింది. పొద్దుగాల ఆరింటికి ఫోన్. సాయంత్రం మూడింటికే పోయి వాకిట్ల కూసున్న. కొత్త స్ట్రాలు. డబ్బీ మెడ దాటలే, అద్దాలల్ల నుంచి నెంబరు లోపలనే కనబడ్డది. అక్క ఎప్పటిలెక్కనే ముందటికి పోయి దాని మొఖం పట్టుకున్నది. మూడు నెలలు ఎట్ల పోయినయో నాకే తెలుసు. మధ్యల, కట్టకపోతె మళ్ల ఎదకొచ్చే ఇరవై ఒక్క రోజులకు, అది రాలేదని అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషం గొంతుల ఉన్నా ఇద్దరం బయటికి అనుకోలే.

పరీక్ష రోజు ముసలామె కూడ కట్టె పట్టుకొని కొట్టం కాడికొచ్చింది. చెయ్యి పెట్టిన. వేళ్ల కొసకు, పలుచటి తిత్తి లోపల నీళ్లల్ల తేలుతున్నట్టు, పిడికిలంత మెత్తటిది తగిలి జరిగింది. వేల సార్లు తగిలిందే నాకది. ఆ రోజు మాత్రం చెయ్యి బయటికి తియ్యబుద్ధి కాలే. బర్రె పక్కటెముకలకు తల ఆనించి గట్లనే నిలబడ్డ. దాని ఒంటి వేడి చెంపకు తగులుతున్నది.

అక్క నా మొఖం చూసి, బర్రె నుదురు మీద తన నుదురు పెట్టింది.

బర్రె వానలు పడ్తున్న రోజులల్ల ఈనింది. పెయ్య దూడ, తల్లి లెక్కనే నల్లటిది. మూడో రోజు అక్క ఫోన్ చేసి పిలిచి జున్ను పెట్టింది. ముసలామె నా ముందర కూసొని, నేను ముద్ద ముద్ద తినేదాక చూసింది.

రెండేండ్ల కిందట నన్ను భూపాలపల్లి దిక్కు మార్చిన్రు. ఇక్కడ అడవి పల్లెలు, ఇండ్లు దూరం దూరం, పశువులు పొద్దుగాల మేతకు పోతె సాయంత్రానికే వస్తయి. కొత్త మనుషులు, కొత్త దారులు. రిజిస్టర్ల కారణం గడి నింపే ముందు ఇప్పుడు నన్ను నేను కొన్ని అడుగుకుంట. టైముకు పోయిన్నా, నీళ్ల వేడి చూసిన్నా, స్ట్రా ఎంతసేపు బయట ఉన్నది, చెయ్యి తొందరపడ్డదా. అన్నిటికీ నా దగ్గర జవాబు దొరికినంకనే మిగతా కారణాల దిక్కు పోత.

మొన్న కాళేశ్వరం దారిల ఒక ఊర్ల, ఒక చెల్లె ఆవుకు మూడోసారి కూడ కట్టలే. నా దిక్కు నుంచి అన్ని చూసుకున్న, ఏం దొరకలే. డాక్టర్‌ను తోలుకొచ్చి చూపిస్తె గర్భసంచిల పుండున్నదని తేలింది. ఆ మాట వినంగనే ముందు నాకు పాణం కుదుటపడ్డది, నా తప్పు కాదు కద అని. వెంటనే ఆవు దిక్కు చూసిన. మెడ వంచి నిలబడ్డది. దానికి నొప్పున్నదని తేలినందుకు నేను ఊపిరి పీల్చుకుంటున్న. ఆ చెల్లె నా పక్కననే నిలబడి, మందులు ఎట్ల వెయ్యాలన్నా అని అడుగుతున్నది.

వారం రోజులు నేనే పోయి వేసిన. అది నా పని కాదు, నా దారిల కూడ లేదు ఆ ఊరు. ఆవు మొదటి రోజు తన్నింది, నాలుగో రోజుకు తన్నుడు మానింది. ఇప్పుడు మేత మంచిగ తింటున్నది. ఎదకు వస్తె పొద్దుగాలనే ఫోన్ చెయ్యమని ఆ చెల్లెకు చెప్పి వచ్చిన.